కాళ్ళ కింద అట్టముక్క

ఆదివారం మంచుతుఫానులో మా ఊరి జట్టు స్టోకర్స్ గెలిచింది. సోమవారం మధ్యాహ్నం దాటినా కార్లిన్ హార్బర్ వీధుల్లో కారు హారన్లు ఆగలేదు. ఊరంతా సంబరంలో ఉంది గానీ ఆ సంబరం కింద గుబులు కూడా ఉంది. ఆ సాయంత్రమే కౌంటీ సభలో ఓటింగు. మా ఫుట్‌బాల్ జట్టుకు పైకప్పున్న కొత్త స్టేడియం కట్టాలా, లేక ఈరీ సరస్సు గాలికి బార్లా తెరిచి ఉన్న పాతదాన్నే బాగుచేసుకోవాలా అన్నది తేలిపోవాలి. సభ్యుల్లో సగం మంది అటు, సగం మంది ఇటు. ఎటూ చెప్పకుండా మిగిలిన సభ్యురాలు మార్సీ గోర్‌స్కీ ఒక్కతే. తండ్రి కాజ్‌ను సభకు తీసుకెళ్దామని వచ్చిన ఆమెకు వంటింటి చెత్తబుట్టలో ఆయన కుడి బూటు కనిపించింది. దాన్ని పైనుంచి మడమ దాకా ఎవరో కత్తితో కోసేశారు. పోయిన వారం భాగంలో ఆమెను అక్కడే వదిలేశాం.

ఆ బూట్ల సంగతి మా వీధిలో తెలియనివారు లేరు. జట్టు ఛాంపియన్‌షిప్ గెలిచిన ఏడు కాజ్ వేసుకున్న బూట్లవి. మారిస్తే జట్టు ఓడిపోతుందని ఆయన నమ్మకం. కుడి బూటు అడుగు చీలితే టేపు చుట్టాడు. టేపు ఊడితే ఇంకా టేపు చుట్టాడు. నవ్వేవాళ్ళు నవ్వండి. ఉతికితే అదృష్టం పోతుందని నా మఫ్లరు నేనూ ఉతకను, మా ఆవిడ దాన్ని పటకారుతో పట్టుకుంటుంది. అలాంటి బూటును కాజ్ గోర్‌స్కీ చేతులారా కోశాడంటే మాటలా?

మార్సీ బూటు చేత్తో పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చింది.

కాజ్ లేవలేదు. ఒళ్ళో దుప్పటి పరుచుకుని, కాళ్ళు బల్ల కిందికి తోసేసి, తాపీగా కాఫీ తాగుతున్నాడు. కూతురు గడపలో అడుగు పెట్టగానే లేచి ఎదురొచ్చే మనిషి.

"పొయ్యి మీద క్యాబేజీ సూప్ ఉంది, పోసుకో" అన్నాడు.

"నాన్నా, ఇదేంటి?"

"బూటు."

"బూటని నాకూ తెలుసు. ఎందుకు కోశావ్?"

"పాతబడింది. కొత్తవి కొనుక్కోమని నువ్వేగా చెవిలో జోరీగలా ఇన్నేళ్ళూ పోరింది. ఇప్పుడు నీ మాట విన్నా, అదీ తప్పేనా?"

"కాలు చూపించు."

"ముందు సూప్ తాగు. చల్లారిపోతుంది."

"కాలు చూపించు నాన్నా."

"ఏంటే ఆ గొంతు? నేనేమన్నా నీ సభలో సాక్షినా?" అని కాజ్ నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. మార్సీ అప్పటికే నేల మీద మోకాళ్ళేసి కూర్చుని దుప్పటి పక్కకు లాగింది.

ఎడమ పాదం కాస్త ఎర్రగా కందింది, అంతే. కుడి పాదం అలా లేదు. బూటు కోస్తే తప్ప ఊడిరానంతగా ఉబ్బిపోయి ఉంది. చర్మం మైనంలా మెరుస్తోంది. బొటనవేలి మీదా దాని పక్క రెండు వేళ్ళ మీదా నేరేడుపండు రంగు బొబ్బలు లేచాయి. వాటి చివర్లు నలుపెక్కుతున్నాయి. ఆమె చూపుడువేలితో మెల్లగా నొక్కింది.

"తెలుస్తోందా?"

"ఏది?"

"నొక్కాను నాన్నా. ఇప్పుడే."

కాజ్ కిటికీలోంచి బయటకు చూశాడు. "షుగర్ ఉన్నోడికి ఆ కాలు ఎప్పుడూ అంతేగా. మొద్దు కాలు."

"ఎప్పటినుంచి ఇలా ఉంది?"

"నిన్న నాలుగో క్వార్టర్‌లో మనోళ్ళందరం కాళ్ళు తొక్కాం చూడు, అప్పుడు కాస్త అనుమానం వచ్చింది. నా కాలు నేలకి తగులుతోందో లేదో తెలీలా. చప్పుడైతే వస్తోంది. సరే అనుకున్నా."

"సరే అనుకున్నావా! మరి లేచి లోపలికి ఎందుకు వెళ్ళలేదు?"

"ఆట అయ్యేదాకా మా వరుసలో ఎవడన్నా లేస్తాడా? మీ అమ్మ నొప్పులు పడుతున్న రోజు కూడా..."

"ఆ కథ నాకు తెలుసు. నేను పుట్టిన రోజు కథే అది."

అరికాలి మంట నెత్తికెక్కిందంటారు చూశారా, మార్సీకి అలాగే అయింది. కానీ కోపం కన్నా భయం ముందుంది. ఇంటికొచ్చాక ఏం చేశావని అడిగింది. పెరట్లోకి వెళ్ళి మంచు తెచ్చి రుద్దుకున్నానని చెప్పాడు. వాళ్ళ నాన్న సరస్సు మీద ఓడల్లో పనిచేసేప్పుడు అందరూ అలాగే చేసేవాళ్ళట. తర్వాత రాత్రంతా కాలు రేడియేటరుకు ఆనించి పడుకున్నాడట. చలికి గడ్డకట్టిన కాలికి రెండూ చేయకూడని పనులే. మార్సీ కళ్ళు మూసుకుంది.

"లే. హాస్పిటల్‌కి వెళ్దాం."

"వెళ్దాం. సభ అయ్యాక."

"ఇప్పుడే."

"మార్సీ, ఇవాళ మాట్లాడేవాళ్ళలో మొదటి పేరు నాది. పిలిచినప్పుడు లేకపోతే మళ్ళీ పిలవరు. నేను వారం నుంచి అద్దం ముందు నిలబడి బట్టీ పడుతున్నా. వింటావా?" కాజ్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మలారా, అయ్యలారా. నలభై చలికాలాలు ఆ స్టేడియం మెట్ల మీద కూర్చున్నాం. చలి మాలో ఒక్కడికి కూడా..."

అక్కడ ఆగిపోయాడు. ఇద్దరూ ఆయన పాదం వంక చూశారు.

"ఆ ఒక్క ముక్క తీసేస్తాలే" అన్నాడు మెల్లగా.

మార్సీకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. బుగ్గలు తుడుచుకుంది. ఇన్నాళ్ళూ ఆమె ఎటూ తేల్చుకోలేకపోవడానికి ఈయనే సగం కారణం. పైకప్పు వేస్తే గాలి ఆగుతుంది, ముసలివాళ్ళూ పిల్లలూ వెచ్చగా కూర్చుంటారు, నిజమే. కానీ కొత్త స్టేడియంలో సీటు పెట్టుకునే స్తోమత ఈ వీధిలో ఎవరికుంది? ఎండ ప్రాంతాల జట్లు మా చలికి వేళ్ళు కొంకర్లు పోయి బంతి జారవిడుస్తుంటే, ఆ కోడిగుడ్డు బంతి మా కుర్రాళ్ళ చేతుల్లో పడుతుంటే, ఆ ఆనందం గుమ్మటం కింద ఎక్కడినుంచి వస్తుంది? ఇవన్నీ ఆమె తూచి తూచి అలసిపోయింది. ఇప్పుడు తక్కెడలో తండ్రి కాలు వచ్చి పడింది.

బయట వ్యాన్ ఆగిన చప్పుడు. తలుపు కొట్టే అలవాటు లేని ఒటిస్ బ్రాంచ్ బూట్ల మంచు దులుపుకుంటూ లోపలికి వచ్చాడు. రేవులో క్రేను నడిపి రిటైరైన మనిషి. స్టేడియంలో ఆయన సీటు కాజ్ పక్కదే. సభకు ముగ్గురూ కలిసి వెళ్దామనుకున్నారు.

"ఏరా, పెళ్ళికొడుకు ఇంకా తయారవలేదా?" అంటూ వచ్చిన ఒటిస్, నేల మీద కూర్చున్న మార్సీనీ, ఆమె చేతిలోని పాదాన్నీ చూశాడు. టోపీ తీసేశాడు. "ఓరి దేవుడా."

"మీకు తెలీదా అంకుల్? పక్కనే ఉన్నారుగా!"

"కాలి సంగతి తెలీదు. కానీ వాడి కాళ్ళ కింద అట్ట లేదని తెలుసు. పెట్టుకోరా అని రెండుసార్లు చెప్పా."

కాజ్ ముఖం మాడ్చుకున్నాడు. "నువ్వు నోరు మూసుకో ఒటిస్."

మా మెట్ల మీద అట్ట లేకుండా ఎవరూ కూర్చోరు. కాంక్రీటు చలి అరికాళ్ళలోంచి ఎముకల్లోకి ఎక్కుతుంది. అందుకని ఆకులు రాలే కాలంలోనే ఫ్రిజ్ పెట్టె అట్ట తెచ్చి, కాళ్ళ కిందికి సరిపడా కోసి, పేరు రాసుకుని, ఆ ఏడాదంతా కారు డిక్కీలో దాచుకుంటాం. మా వరుసలో ఇంకో మర్యాద కూడా ఉంది. కొత్తవాడు, అందులోనూ పల్చటి బూట్లేసుకున్నవాడు వస్తే, అతని పక్కనున్నవాళ్ళు తమ అట్ట ఇచ్చేస్తారు. ఇచ్చినవాడు ఇంకొకరి అట్ట చివర ఒక కాలు పెట్టుకుంటాడు. అవతలి జట్టు చొక్కా వేసుకొచ్చినా సరే, కాస్త తిట్టి మరీ ఇస్తారు.

"ఎవరికిచ్చావ్ నాన్నా?"

ఒటిస్ చెప్పాడు. "ఎవడో సన్నగా పొడుగ్గా ఉన్నోడు. ఆఫీసు బూట్లు. ఫీనిక్స్‌ నుంచి వచ్చాడట, జన్మలో మంచు చూళ్ళేదట. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి పాపం. నా అట్ట మీదకి రారా అంటే వీడు రాడు, నీ కాళ్ళే పడవల్లా ఉన్నాయి నాకు చోటేదంటాడు."

మార్సీ నెమ్మదిగా లేచి నిలబడింది. "అతని పేరు ట్రాస్క్ కదా?"

"ఆఁ, ట్రాస్క్. నీకు తెలుసా?"

తెలుసు. స్టేడియం మీద సలహా చెప్పమని కౌంటీ పిలిపించిన నిపుణుడు అతను. అద్దాల గదిలో కూర్చుని మ్యాచ్ చూస్తానంటే, 'కాదు, మెట్ల మీద కూర్చోండి, మా చలి ఏమిటో మీ ఒంటితో తెలుసుకోండి' అని పట్టుబట్టింది మార్సీయే. తండ్రి వరుసలో ఖాళీగా ఉన్న సీటు ఇప్పించిందీ ఆమే. తండ్రికి చెబితే వాదనకు దిగుతాడని ముందుగా చెప్పలేదు.

"వాడెవడో నీకు ముందే తెలుసా నాన్నా? పైకప్పు సంగతి తేల్చేవాడని?"

"రాగానే చెప్పాడు. మార్సీ గోర్‌స్కీ గారు పంపారన్నాడు." కాజ్ భుజాలు ఎగరేశాడు. "నీ పేరు చెప్పుకుని వచ్చినోడు నా పక్కన వణుకుతా కూర్చుంటే నేనేం చెయ్యాలి? మన ఇంటికొచ్చిన చుట్టమే కదా."

చలి తెలియాలని ఆమె పంపిన మనిషికి చలి తెలియకుండా ఆయన కాపాడాడు. ఆ చలంతా తన చీలిన బూటులోకి తీసుకున్నాడు.

కోటు తీసి తండ్రి భుజాల మీద వేసింది. "పద. నేను తీసుకెళ్తా. నేను సభకు రాకపోతే ఓట్లు సగం సగం అవుతాయి. సగం వస్తే ప్రతిపాదన వీగిపోతుంది. నీ పాత స్టేడియం నీకే ఉంటుంది. సరేనా? నీకు కావలసిందీ అదేగా."

అప్పటిదాకా సరదాగా నెట్టుకొస్తున్న కాజ్ ముఖం ఒక్కసారిగా మారిపోయింది.

"అవతలి జట్టు బస్సు దారిలో ఇరుక్కుపోతే మనం గెలిచినట్టా? అలాంటి గెలుపు నాకొద్దు. ఊళ్ళో ఏమనుకుంటారు? గోర్‌స్కీ కూతురు వంక పెట్టుకుని ఓటు ఎగ్గొట్టిందంటారు. నువ్వెళ్ళు. నీకేది సరైందనిపిస్తే అదే వెయ్యి. నేను బస్సులో పోతా హాస్పిటల్‌కి."

"ఈ కాలుతో బస్సా!"

"నేను తీసుకెళ్తాలే" అన్నాడు ఒటిస్.

"మీరూ మాట్లాడాలిగా అంకుల్? నాన్న తర్వాత పేరు మీదే. ఆయన రాకపోయినా పైకప్పు వద్దని మీరన్నా చెప్పండి. అంబులెన్సు పిలుద్దాం."

ఒటిస్ టోపీని చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు. "నేను వద్దని చెప్పడానికి పేరివ్వలేదు పిల్లా" అన్నాడు.

కాజ్ తలెత్తాడు. "ఏమన్నావ్?"

"కట్టమని చెబ్దామనుకున్నా. ఇవాళ దారిలో నీకు చెప్పాలనే వచ్చా. మా ఆవిడ లొరెయిన్ ఊపిరితిత్తులు పాడయ్యాక మూడు చలికాలాలు ఇంట్లో రేడియో దగ్గర కూర్చుంది. నేను మెట్ల మీద కేకలేస్తుంటా, అది వంటింట్లో ఒక్కత్తే కేకలేస్తుంటుంది. మన వరుసలో దాని సీటు ఖాళీ. నిన్న ఆ ఫీనిక్స్ వాడు కూర్చున్నది దాని సీట్లోనే. పైకప్పుంటే అది వస్తుంది కాజ్. నాకు కావలసింది అంతే."

కాజ్ స్నేహితుడి ముఖంలోకి చాలాసేపు చూశాడు. బాధపడ్డాడని తెలుస్తూనే ఉంది. ఇన్నేళ్ళు పక్కపక్కన కూర్చుని, లొరెయిన్ రానిది జలుబు చేసి కాదని తను అడిగి తెలుసుకోలేదన్న బాధ కూడా అందులో ఉండే ఉంటుంది.

"ద్రోహివిరా నువ్వు" అన్నాడు చివరికి.

"అవును. నా భుజం పట్టుకుని లే."

"దారంతా తిడతా."

"తిట్టు. కానీ నా వ్యాన్‌కి పైకప్పుంది, హీటరుంది. పరవాలేదా నీకు?"

కాజ్ నవ్వేశాడు. ఒటిస్ నవ్వలేదు. కాలికి తువ్వాలు చుట్టి, ఇద్దరూ చెరోవైపు పట్టుకుని మెట్లు దించారు. మంచు మళ్ళీ మొదలైంది. వ్యాన్‌లో కూర్చోబెట్టి తలుపు వేయబోతుంటే కాజ్ కూతురి మణికట్టు పట్టుకున్నాడు.

"ఒక్క మాటివ్వు. ఓటు నీ ఇష్టం. కానీ నా కాలిని తీసుకెళ్ళి ఆ మైకు ముందు పెట్టకు. అయ్యో పాపం ముసలాడు అని ఊరంతా అనుకోవడం నాకొద్దు. నా మీద జాలితో కట్టే స్టేడియంలో నేను కూర్చోలేను మార్సీ."

"నాన్నా..."

"మాటివ్వమంటున్నా."

ఆలస్యం చేసే వ్యవధి లేదు. ఇచ్చింది.

సభ జరిగే హైస్కూలు జిమ్‌లో ఇసుక వేస్తే రాలనంత జనం. స్టోకర్స్ టోపీలే ఎటు చూసినా. మార్సీ తన కుర్చీలో కూర్చుందే గానీ ప్రాణమంతా ఒళ్ళో ఉన్న ఫోన్ మీదే ఉంది. ఇంకా సభ మొదలవకముందే పొడుగ్గా సన్నగా ఉన్న ఒకతను ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. ట్రాస్క్. అతని చంకలో మంచుకు తడిసి ఆరిన అట్టముక్క ఉంది. దాని మీద నల్లటి పెద్ద అక్షరాలతో కాజ్ అని రాసి ఉంది.

"మీ నాన్నగారు రాలేదా? దీన్ని ఆయనకు ఇవ్వాలి. పొరపాటున నాతోనే హోటల్‌కి వచ్చేసింది."

"ఆలస్యమవుతుంది" అంది మార్సీ.

"ఎంత మంచి మనిషండీ! నేను వద్దు వద్దంటున్నా వినలేదు. నాకింకోటి ఉంది, ముందు నువ్వు పెట్టుకో అన్నారు."

అట్టను ఆమె బల్లకు ఆనించి వెళ్ళి కూర్చున్నాడు.

అధ్యక్షురాలు సుత్తితో బల్ల మీద కొట్టింది. "కాజిమిర్ గోర్‌స్కీ" అని పిలిచింది. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచి, జనం తలలు తిప్పి చూస్తుండగా పేరు కొట్టేసింది. "ఒటిస్ బ్రాంచ్." ఆయనా లేడు. వెనక వరుసల్లో గుసగుసలు బయల్దేరాయి. తర్వాత పిలిచినవాళ్ళు లేచి మాట్లాడారు. కట్టమన్నవాళ్ళున్నారు, కట్టొద్దన్నవాళ్ళున్నారు. మార్సీకి ఒక్క ముక్క తలకెక్కలేదు.

ఒళ్ళో ఫోన్ వణికింది. ఒటిస్ నుంచి రెండు వాక్యాలు. 'మందు ఎక్కించాలంటే నిన్ననే తేవాల్సిందంటున్నారు. వేళ్ళతో పోతుందో పాదం దాకా పోతుందో ఇప్పుడే చెప్పలేరట.'

ఆమె తలెత్తేసరికి ట్రాస్క్ మైకు దగ్గర ఉన్నాడు.

"నిన్న పొద్దుటి దాకా నా సలహా పైకప్పు కట్టమనే" అన్నాడతను. "లెక్కలు అటూ ఇటూ సమానంగానే ఉన్నాయి. నాకున్న ఒక్క భయం చలి. వయసు మళ్ళినవాళ్ళకు అది ప్రమాదం కదా అని. అందుకే నిన్న నేనే వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. నిజం చెబుతున్నాను, నా కాళ్ళు వెచ్చగానే ఉన్నాయి. నా పక్కన డెబ్బై దాటిన పెద్దాయన ఆట అయ్యేదాకా నిలబడే ఉన్నారు, ఒక్కసారి కూడా వణకలేదు. ఈ ఊరివాళ్ళకు చలితో ఎలా బతకాలో తెలుసు. చలి ప్రమాదమన్న వాదన నిలవదు. పాత స్టేడియాన్నే బాగుచేసుకోమని రాత్రి నా సలహా మార్చి రాశాను."

ఆ తర్వాత ఎక్కడో ఒక కాలు నేల మీద పడింది. దాని వెనక ఇంకోటి. కాసేపట్లో సగం జిమ్ కాళ్ళు తొక్కడం మొదలెట్టింది, మ్యాచ్‌లో తొక్కినట్టే, అందరూ ఒకే తాళంలో. నేల అదిరింది. ఆ అదురుకు బల్లకు ఆనించిన అట్టముక్క జారి మార్సీ పాదాల మీద పడింది.

అధ్యక్షురాలు సుత్తి కొట్టీ కొట్టీ విసిగిపోయి ఆమె వైపు వంగింది. "గోర్‌స్కీ గారూ, ఓటుకు ముందు మీరేమైనా అడుగుతారా? లేకపోతే పేర్లు పిలిచేస్తాను."

కాలి సంగతి మైకు ముందు చెప్పనని తండ్రికి మాటిచ్చింది. మార్సీ అట్టముక్కను తీసి బల్ల మీద పెట్టింది. అది పొడిగా, తేలిగ్గా ఉంది. మైకు మీట నొక్కింది.

"ఒక్కటే అడుగుతాను. ట్రాస్క్ గారూ, తన దగ్గర ఇంకో అట్ట ఉందని మా నాన్న మీకు చెప్పినప్పుడు, మీరు ఆయన కాళ్ళ వైపు చూశారా?"

ముందు వరుసల్లో కాళ్ళ మోత ఆగింది. తర్వాత వెనక వరుసల్లో కూడా ఆగిపోయింది.